ఏ లెక్కలో?

సౌదీలో ఏం చేస్తుంటావని ఊళ్లో ఎవరైనా అడిగితే "కంప్యూటర్ కన్సల్టెంట్ని" అని చెప్పి ఊరుకుంటాను. చాలామంది అక్కడితో తృప్తి పడతారు. కొందరు మాత్రం "అంటే?" అని రెండో ప్రశ్న వేస్తారు. వాళ్లకి నిజం చెప్పక తప్పదు. అడుగుల్ని మీటర్లు చెయ్యడం, పౌన్లని కిలోలు చెయ్యడం, బారెళ్లని టన్నులు చెయ్యడం... కంపెనీల కంప్యూటర్ల చేత ఈ గుణకారాలు సరిగ్గా చేయించడమే నా ఉద్యోగంలో సగం.

"దానికి ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్ ఎందుకురా, ఐదో తరగతి చాలదూ?" అన్నాడు మా మేనమామ ఒకసారి.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. గుణకారానికి ఐదో తరగతి చాలు. కానీ దేన్ని దేనితో గుణించాలో తెలుసుకోవడానికే ఇన్నేళ్లూ పట్టింది. ఆ సంగతే చెబుతాను.

నేనుండేది సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలో. దమ్మామ్, అల్ ఖోబర్, దహ్రాన్, జుబైల్... మనవాళ్లకి ఈ పేర్లు కొత్త కాదు. 1933లో సౌదీ ప్రభుత్వం కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీకి చమురు వెతుక్కోమని అనుమతి ఇచ్చింది. ఐదేళ్లు వెతికి వెతికి విసిగిపోయాక, 1938 మార్చిలో దమ్మామ్ ఏడో నంబరు బావిలో చమురు సమృద్ధిగా పడింది. ఆ వచ్చిన అమెరికా వాళ్లు రిగ్గులతో పాటు తమ అడుగులు, అంగుళాలు, పౌన్లు, బారెళ్లు కూడా వెంట తెచ్చుకున్నారు. అవి ఇక్కడే స్థిరపడిపోయాయి. అందువల్ల ఇక్కడ రోడ్డు మీద దూరం కిలోమీటర్లలో, బంకులో పెట్రోలు లీటర్లలో, బజార్లో టమాటాలు కిలోల్లో. ప్లాంటు గేటు దాటి లోపలికి వెళితే మాత్రం గొట్టాలు అంగుళాల్లో, పీడనం చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లని, చమురు బారెళ్లలో!

బారెల్ అంటే 42 అమెరికా గ్యాలన్లు, సుమారు 159 లీటర్లు. ఇంతవరకూ ఐదో తరగతే. అయితే చమురు వ్యాపారంలో లెక్కకొచ్చే ఈ బారెల్ 60 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరి బారెల్. అంటే పదిహేనున్నర సెల్సియస్. దమ్మామ్ ఆగస్టు ఎండలో ఆ చల్లదనం ఎక్కడిది? వేడికి చమురు ఉబ్బుతుంది. ట్యాంకులో కొలిచిన బారెళ్లు వేరు, కాగితం మీద రాసుకునే బారెళ్లు వేరు. ఇక దాన్ని టన్నుల్లో చెప్పమంటే అది ఏ రకం చమురో తెలియాలి. తేలిక రకమైతే టన్నుకి ఎక్కువ బారెళ్లు వస్తాయి, బరువు రకమైతే తక్కువ. పైగా ఏ టన్ను? వెయ్యి కిలోల టన్నా, 1016 కిలోల ఇంగ్లీషు టన్నా, 907 కిలోల అమెరికా టన్నా?

మేము వాడే పెద్ద సాఫ్ట్‌వేర్లలో కొలతలకు ఒక పట్టిక ఉంటుంది. ఎస్.ఏ.పి.లో అయితే ప్రతి కొలత పక్కనా పైన ఉండే అంకె, కింద ఉండే అంకె, కలపాల్సిన అంకె అని విడివిడిగా రాస్తారు. అడుగుని మీటరు చెయ్యాలంటే 381ని 1250తో భాగించాలి. 0.3048 అని నేరుగా రాసుకోవచ్చు కదా అంటారేమో, భిన్నంగా దాచుకుంటే వెనక్కీ ముందుకీ ఎన్నిసార్లు మార్చినా దశాంశాలు అరిగిపోవు. కలపాల్సిన అంకె ఎందుకంటే సెల్సియస్, ఫారన్‌హీట్ లాంటి వాటికోసం. చక్కని ఏర్పాటు! దీన్ని చూసినప్పుడు ఇక లెక్క తప్పే అవకాశమే లేదనిపిస్తుంది.

అప్పుడు నాలుగంగుళాల పైపు వస్తుంది.

నాలుగుని 25.4తో గుణిస్తే 101.6 మిల్లీమీటర్లు. కంప్యూటర్ టక్కున చెబుతుంది. కానీ టేపు తీసుకుని ఆ పైపుని బయట నుంచి అడ్డంగా కొలవండి... 114.3 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే నాలుగున్నర అంగుళాలు. లోపలి కొలత గోడ మందాన్ని బట్టి మారుతుంది. యూరప్ వాడు దీన్నే 100 అంటాడు. ఎటు కొలిచినా కచ్చితంగా నాలుగు లేని దానికి నాలుగని పేరు! ఇది కొలత కాదు, పేరు. మనవాళ్లు పొట్టివాడికి 'కొండయ్య' అని పేరు పెట్టుకున్నట్టు. పేరుని గుణించకూడదు, పట్టికలో వెతకాలి. స్టోర్ కీపర్‌గా పనిచేసిన ప్రతివాడికీ ఈ విషయం తెలుసు. కంప్యూటర్‌కే తెలియదు.

ఈ తేడా ఎంత దూరం పోతుందో చెప్పడానికి మా వృత్తిలో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. 1983 జూలై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానం మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్‌కి బయల్దేరింది. ఇంధనం చూపే పరికరం పనిచెయ్యక, ట్యాంకులో పుల్ల పెట్టి కొలిచారు. 7,682 లీటర్లు ఉంది. ప్రయాణానికి 22,300 కిలోలు కావాలి. లీటర్లని బరువుగా మార్చడానికి 1.77తో గుణించారు. గుణకారం సరిగ్గానే చేశారు. కానీ 1.77 అనేది లీటరుకి పౌన్ల లెక్క. కిలోల లెక్క 0.8. కెనడా అప్పుడే మెట్రిక్‌కి మారుతోంది, ఆ విమానమేమో కిలోల్లో లెక్కపెట్టే కొత్త రకం. సగం కూడా లేని ఇంధనంతో ఎగిరి, 41,000 అడుగుల ఎత్తున ఉండగా ఇంజన్లు ఆగిపోవడం మొదలెట్టాయి. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కి గ్లైడర్లు నడిపిన అనుభవం ఉండబట్టి, గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో దించేశాడు. లోపలున్న 69 మందీ బతికి బయటపడ్డారు.

1999 సెప్టెంబర్‌లో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌కి ఆ అదృష్టం లేకపోయింది. ఒక సాఫ్ట్‌వేర్ పౌన్ల లెక్కలో అంకెలిచ్చింది, రెండోది వాటిని న్యూటన్ల లెక్క అనుకుని తీసుకుంది. అంగారకుడి దగ్గరకి పోయి మాయమైపోయింది. అక్కడా గుణకారాలు తప్పు కాదు. అంకె పక్కన ఉండాల్సిన మాట లేదు, అంతే.

అయినా విమానాలదాకా ఎందుకు? మన కుంచం సంగతి చూడండి. మా వైపు రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అన్నీ రెట్టింపులే! యూనివర్సిటీలో బైనరీ పాఠం చెప్పిననాడు ఇది మా అమ్మమ్మ దగ్గర ఎప్పుడో నేర్చుకున్నానే అనుకున్నాను. ఆవిడ్ని కుంచం అంటే ఎన్ని కిలోలు అని అడిగితే "ఏం కొలుస్తావురా? ధాన్యమా, పెసలా, అటుకులా?" అనేది. కుంచెడు పెసలు, కుంచెడు అటుకులు ఒకే బరువుంటాయా? బడి మొహం చూడని మనిషి, నాకు తెలిసిన మంచి ప్రోగ్రామర్లందరికన్నా ముందు సరైన ప్రశ్న అడిగేది.

ఇదే ప్రశ్న ఈ దేశంలోనూ ఉంది. రంజాను నెల చివర ఇక్కడి ముస్లింలు పేదలకి తిండిగింజలు దానమిస్తారు. మనిషికి ఒక 'సా' చొప్పున. సా అంటే నాలుగు 'ముద్దు'లు, ముద్దు అంటే మధ్యరకం మనిషి రెండు చేతులూ కలిపి పట్టినంత. అంటే మన దోసెడు! నాలుగు దోసిళ్లు. ఇది కూడా బరువు కాదు, పరిమాణం. అందుకే కిలోల్లో ఎంత అంటే రెండున్నర అనేవాళ్లున్నారు, మూడు అనేవాళ్లున్నారు, అది బియ్యమా గోధుమలా ఖర్జూరమా అనేదాన్ని బట్టి ఉంటుందనేవాళ్లూ ఉన్నారు. ఆ వారంలో దమ్మామ్ బజార్లో బియ్యం సంచులు చూసినప్పుడల్లా నాకు అమ్మమ్మే గుర్తొస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను.

మాకు తెలిసిన డ్రైవర్ ఒకాయన ఉన్నాడు. జగిత్యాల వైపు. వయసులో నాకన్నా పెద్దవాడు, నేను అన్నా అంటాను, ఆయన నన్ను సారూ అంటాడు. మానమన్నా మానడు. ఒక శుక్రవారం నవ్వుతూ వచ్చాడు.

"సారూ, ఖుషీ ఖబర్! షుగర్ పదహారుకు దిగింది. మా ఊర్ల ఉన్నప్పుడు రెండొందల నలభై ఉండె. ఈడ రొట్టె తింటున్న గద, గందుకే తగ్గింది. ఇగ గోళీలు బంద్ పెడ్త."

రిపోర్టు చూపించమన్నాను. 16.4 అని ఉంది, పక్కన చిన్న అక్షరాల్లో లీటరుకి మిల్లీమోళ్లని ఉంది. మన ఊళ్లల్లో చక్కెర డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో చెబుతారు. ఇక్కడ చాలా రిపోర్టులు మిల్లీమోళ్లలో వస్తాయి. గ్లూకోజుకైతే 18తో గుణించాలి. ఆ కాగితం వెనకే వేసి చూపించాను. 295.

"గట్లెట్ల సారూ? పదహారంటే పదహారే గద!"

"అన్నా, పదహారు రూపాయలు, పదహారు రియాళ్లు ఒకటేనా?"

ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. నవ్వు పోయింది. "అరె... గట్లనా!" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. గోళీలు మానలేదు, ఇంకొకటి కలిపారు.

కొన్ని నెలలకి జుబైల్ నుంచి ఒక కుర్రాడు ఫోను చేశాడు. వెల్డరు. ఊరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఉద్దానం అంటే తెలియని తెలుగువాళ్లుండరు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు... కొబ్బరితోటలు, జీడితోటలు, వాటి మధ్య ఇంటింటా కిడ్నీ జబ్బు. ఎన్నో ఏళ్లుగా శాస్త్రవేత్తలు పరిశోధిస్తున్నా ఇదీ కారణం అని ఒక్క మాటలో తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఆ ఊళ్లలో క్రియాటినిన్ అనే మాట చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"అన్నా, నాకు తొంభై ఏడు వచ్చింది," అన్నాడు. గొంతు వణుకుతోంది. "మా నాన్నకి తొమ్మిది ఉన్నప్పుడే డయాలసిస్ అన్నారు. తొంభై ఏడంటే ఏటవుతాదన్నా? ఇంటికి చెప్పీసినాను. అమ్మ ఏడుస్తంది."

ఫోటో పంపమన్నాను. లీటరుకి మైక్రోమోళ్లు. క్రియాటినిన్‌కైతే 88.4తో భాగించాలి. 1.1 వచ్చింది.

"తమ్ముడూ, మన లెక్కలో ఒకటి పాయింట్ ఒకటి. ఈ కాగితం మీద ల్యాబు వాళ్లు రాసిన హద్దుల్లోనే ఉంది. అయినా రేపు డాక్టర్‌కి చూపించు, మీ ఊరి సంగతి కూడా చెప్పు."

అటు నుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత "అమ్మకి నువ్వే చెప్పన్నా, నేను చెప్తే నమ్మదు," అన్నాడు. చెప్పాను. ఆవిడకి మైక్రోమోల్ అంటే ఏం చెబుతాం? "అమ్మా, వాళ్ల కుంచం వేరు, మన కుంచం వేరు," అన్నాను. "అయితే పర్వాలేదా బాబూ?" అని మూడుసార్లు అడిగింది.

చక్కెరకి 18, క్రియాటినిన్‌కి 88.4 ఎందుకు? మోల్ అనేది అణువుల్ని లెక్కపెట్టే కొలత. ఒక్కో పదార్థం అణువు ఒక్కో బరువు. అమ్మమ్మ ప్రశ్నే మళ్లీ: ఏం కొలుస్తావురా?

ఈ రెండు ఫోన్ల తర్వాత మన క్యాంపుల్లోని వాళ్లకోసం సెల్‌ఫోన్‌లో పనిచేసే చిన్న ప్రోగ్రాం ఒకటి రాశాను, తెలుగులో. అది రెండు ప్రశ్నలడుగుతుంది. ఏం కొలిచారు? ఏ లెక్కలో? రెండో దానికి జవాబివ్వకపోతే ఏమీ చెప్పదు.

మిత్రులకి ఇది నచ్చలేదు. "మనవాళ్లకి మిల్లీమోలు, మిల్లీగ్రాము ఏం తెలుస్తాయి? అంకె చూసి కంప్యూటరే ఊహించుకోవచ్చు కదా. పదహారంటే మిల్లీమోలు, రెండొందలంటే మిల్లీగ్రాము," అన్నారు. నిజమే, పదహారూ రెండొందలూ తేలిక. మరి ముప్ఫై వస్తే? ముప్ఫై మిల్లీగ్రాములంటే చక్కెర బాగా పడిపోయి మనిషి స్పృహ తప్పే స్థితి, వెంటనే చక్కెర ఎక్కించాలి. ముప్ఫై మిల్లీమోళ్లంటే 540, చక్కెర తలకెక్కిన స్థితి. ఒకే అంకెకి రెండు వ్యతిరేకమైన వైద్యాలు! ఊహించి సగం సార్లు మనిషిని కాపాడే ప్రోగ్రాం నాకొద్దు. తెలియనప్పుడు "తెలియదు, కాగితం మీద అంకె పక్కన ఏం రాసుందో చూడండి" అని చెప్పేదే కావాలి. ఆ అక్షరాల్ని గుర్తుపట్టడానికి వీలుగా రిపోర్టులో అవి ఎలా ఉంటాయో బొమ్మలు పెట్టాను. ఫలితం కింద మంచో చెడో చెప్పదు. డాక్టర్‌కి చూపించమని మాత్రం ఉంటుంది.

తర్వాత అందరూ అడిగినవి ఒక్కొక్కటే కలిపాను. మొదటిది తేదీలు. చాలా ఏళ్లపాటు ఇకామా గడువులు హిజ్రీ తేదీల్లోనే ఉండేవి. చంద్రుడి ఏడాదికి 354 రోజులో 355 రోజులో. రెండేళ్లు ఉందిలే అని మన క్యాలెండర్ చూసుకుంటూ కూర్చుంటే ఇరవైరెండు రోజుల ముందే గడువు తీరిపోతుంది. ఇక్కడి ప్రభుత్వోద్యోగుల జీతాలు కూడా 2016 అక్టోబర్‌లోనే ఇంగ్లీషు నెలలకి మారాయి. ఈ తేదీల్ని సూత్రంతో మారిస్తే ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. ఉమ్ అల్ ఖురా క్యాలెండర్ పట్టిక దగ్గర పెట్టుకోవాల్సిందే. ఇది కూడా నాలుగంగుళాల పైపు లాంటిదే.

రెండోది తులం. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు మన కొట్లలో తులమంటే పది గ్రాములు. గల్ఫ్‌లో అమ్మే పది తులాల బిళ్ల మాత్రం పాత లెక్కే, 116.64 గ్రాములు. కూతురికి ఐదు తులాలు పెడతామని మాటిచ్చిన తండ్రికి ఈ రెండు లెక్కలకీ తేడా 8.3 గ్రాములు. అంటే ఒక కాసు పైనే! ఆ పైన ఇక్కడివాళ్లు ఇష్టపడేది 21 క్యారట్లు, మనవాళ్లు అడిగేది 22. పెళ్లి మాటల్లో 'తులం' అన్న ఒక్క మాట పక్కన ఎన్ని గ్రాములో, ఎన్ని క్యారట్లో రాసుకుంటే ఎన్ని అలకలు తప్పేవో! మా ఆఫీసులో నెల్లూరు మిత్రుడు అంకణం కూడా చేర్చమన్నాడు. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. "ఏ ఊరి అంకణం?" అని అడిగేలా పెట్టాను. అతనికి కోపం వచ్చింది, "అంకణమంటే నెల్లూరుదే!" అని.

చివరికి వడ్డీ లెక్క కూడా పెడదామనుకున్నాను. బ్యాంకు వాళ్లు ఏడాదికి నూటికి పన్నెండు అంటారు, ఊళ్లో షావుకారు మూడు రూపాయల వడ్డీ అంటాడు. వీసాకి అప్పుచేసి వచ్చేవాళ్లు మూడు చిన్నదనుకుని మోసపోతారేమో అని నా బెంగ. జగిత్యాల అన్నని అడిగాను. ఆయన పెద్దగా నవ్వాడు.

"సారూ, గిది మాకు చెప్పాల్నా? మూడు రూపాయల మిత్తి అంటే నెలకు. ఏడాదికి ముప్పై ఆరు. బ్యాంకుది రూపాయి మిత్తి. నేను వచ్చేటప్పుడు లచ్చ రూపాయలకు మూడు రూపాయల లెక్కన తెచ్చిన. కట్టనీకి నాలుగేండ్లు పట్టింది. ఎట్ల మర్చిపోత?"

రెప్పపాటులో చెప్పేశాడు, కంప్యూటర్‌తో పనిలేకుండా! పదహారూ 295 ఒకటేనని నమ్మలేకపోయిన మనిషే. ఆ కొలత లోపల నాలుగేళ్లు బతికాడు కాబట్టి దాని బరువు ఆయనకి తెలుసు. మిల్లీమోల్‌లో ఎవరూ బతకలేదు. పరాయి దేశం వచ్చినవాడికి కష్టమంతా ఇక్కడే. భాషైతే వినగానే పరాయిదని తెలిసిపోతుంది, జాగ్రత్త పడతాం. అంకెలు అలా కాదు. ఇక్కడా అక్కడా ఒక్కలాగే కనిపిస్తాయి. మన ఊరి మనిషిలాగే పలకరిస్తాయి. అందుకే నమ్మేస్తాం.

వడ్డీ లెక్క ప్రోగ్రాంలో పెట్టలేదు, అవసరం లేదని తేలింది కదా. మిగతావి ఉన్నాయి. పెద్దగా పేరేమీ రాలేదు, నాలుగు క్యాంపుల్లో వాడుతున్నారు. ఉద్దానం కుర్రాడు ఆరునెలలకోసారి పరీక్ష చేయించుకుని ఫోటో పంపుతాడు. అతను అడగకుండానే వాళ్లమ్మకి నేనే ఫోను చేస్తాను.

జగిత్యాల అన్న నుంచి మొన్న మెసేజి వచ్చింది. ఆయనకి టైపు చెయ్యడం రాదు, మాట రికార్డు చేసి పంపుతాడు. "సారూ, పొద్దుగాల పరగడుపున చూపిచ్చుకున్న. వాళ్ల లెక్కల ఏడు పాయింట్ ఒకటి. మన లెక్కల నూట ఇర్వై ఎనిమిది. ఇంక కొంచెం తగ్గాలె అన్నడు డాక్టరు."